ముందస్తు వేడి దరఖాస్తు

సాగరదీప్తి అపార్ట్‌మెంట్స్‌లో ఇరవై ఫ్లాట్లు, ఒక లిఫ్టు, ఒక వాచ్‌మన్, ఒక సెక్రటరీ. వాచ్‌మన్లు ఏడాదికొకరు మారారు. సెక్రటరీ మాత్రం తొమ్మిదేళ్లుగా మారలేదు. చిదంబరం గారు అంత సమర్థులని కాదు. ఆయన చేసే పనికి ఎవరైనా అడ్డు చెబితే, వెంటనే నడుముకున్న తాళాల గుత్తి ఊడదీసి, "అయితే ఈ బాధ్యత తమరే స్వీకరించండి" అని ముందుకు చాస్తారు. కాలిపోయే మోటార్లు, రాని నీళ్ల ట్యాంకర్లు, సెల్లార్‌లో పార్కింగు తగవులు, పై వాళ్ల స్నానాల గది కారి కింది వాళ్ల దేవుడి గదిలో పడటాలు, అన్నీ ఆ గుత్తికి వేలాడుతూ కనిపిస్తాయి. అడ్డు చెప్పినవాళ్లు చేతులు వెనక్కి కట్టుకుంటారు. విశాఖపట్నంలో ఇంతకంటే ప్రశాంతంగా ఎన్నికలు జరిగే చోటు మరొకటి లేదు.

ఐదో అంతస్తులో ఉండే సువర్చల కూడా రెండుసార్లు చేతులు వెనక్కి కట్టుకున్న మనిషే. అందుకని, ఆగస్టు నెలలో ఒక ఆదివారం సాయంత్రం చిదంబరం గారు తమ ఇంటికి "తులనాత్మక శ్రవణ కార్యక్రమం" అని పిలిచినప్పుడు, ఎందుకొచ్చిన గొడవ అని భర్త రామలింగాన్ని వెంటబెట్టుకుని వెళ్లింది.

హాలులో టేకు బల్ల మీద రెండు యాంప్లిఫయర్లు ఉన్నాయి. ఒకటి నల్లటి పెట్టె. రెండోదాని నెత్తిన ఆరు గాజు బుడ్లు, ఒక్కోదానిలో దీపపు వత్తిలాగ చిన్న వెలుగు.

"ఇది ట్రాన్సిస్టరు యాంప్లిఫయరు," అన్నారు చిదంబరం గారు నల్ల పెట్టెను చిటికెన వేలితో చూపిస్తూ. "మీట నొక్కిన మరుక్షణం మొదలుపెడుతుంది. పెంపకం లేని మనిషి మాట్లాడినట్టు. ఇది వాల్వు యాంప్లిఫయరు. ఈ గాజు బుడ్లే వాల్వులు. నలభై నిమిషాలు తనలో తాను వేడెక్కి గానీ నోరు విప్పదు. దీని ధ్వనిలో వెచ్చదనం ఉంటుంది. సదరు వెచ్చదనాన్ని ఇప్పుడు మనం గుర్తించబోతున్నాము."

నలభై నిమిషాలు అందరూ గాజు బుడ్ల వంక చూస్తూ కూర్చున్నారు. ఆయన భార్య కనకవల్లి కాఫీలు తెచ్చి ఇస్తూ సువర్చల చెవిలో, "పెళ్లయి ముప్ఫై ఎనిమిదేళ్లు వదినగారూ, నా మాట వినడానికి నాలుగు నిమిషాలు కూర్చోలేదు ఈయన," అంది.

తరువాత ఒకే వేణువు పాటను రెండింటి మీదా వినిపించారు. చిదంబరం గారు ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చారు. రామలింగం అప్పటికి ఒక కునుకు తీసి ఉన్నాడు. భుజం తట్టగానే ఉలిక్కిపడి, "ఆహా!" అన్నాడు. చిదంబరం గారు రిజిస్టరులో ఏదో రాసుకుని సువర్చల వైపు తిరిగారు.

"నాకు రెండూ బాగానే ఉన్నాయండీ," అంది సువర్చల. "మొదటిది కొంచెం తేటగా వినిపించింది."

మొదటిది నల్ల పెట్టె. చిదంబరం గారు అదీ రిజిస్టరులో రాసుకున్నారు.

మర్నాడు వాట్సాప్ గ్రూపులో శ్రవణ సంస్కారపు పట్టిక వచ్చింది. ఫ్లాట్ నెంబరు 502: భర్త, ఉన్నత దశ. భార్య, ప్రాథమిక దశ.

"చూశావా," అన్నాడు రామలింగం టిఫిను ముందు కూర్చుని. "ఆహా అంటే సరిపోయేది కదా!"

"నిద్రపోతే సరిపోయేది," అంది సువర్చల అట్టు తిరగేస్తూ.

వ్యవహారం అక్కడ ఆగిపోతే ఇది కథ అయ్యేది కాదు. ఆడిట్ ఆఫీసులో ముప్ఫై అయిదేళ్లు పనిచేసిన చిదంబరం గారి లాంటి మనిషికి ఒక ఇష్టం పుడితే అది ఇష్టంగా ఉండిపోదు. నిబంధన అవుతుంది. సెప్టెంబరు సర్వసభ్య సమావేశంలో చిదంబరం గారు, భవనంలో పెరుగుతున్న తగవులకు మూలకారణం ట్రాన్సిస్టరు ధ్వని యొక్క చల్లదనమేనని ప్రకటించారు. ఫిజిక్సు లెక్చరరుగా రిటైరై, అసోసియేషన్‌కు సాంకేతిక సభ్యుడిగా ఉన్న విశ్వేశం గారు లేచి, "సిద్ధాంతరీత్యా కాదనడానికి వీల్లేదు," అన్నారు. ఆయన దేన్నయినా అలాగే సమర్థించేవారు.

మొదటి ఉత్తర్వు వాచ్‌మన్ పైడిరాజు మీద పడింది. వాడి సెల్‌ఫోన్‌లోంచి వచ్చే పాటలు పరమ చల్లటివి కనుక, డ్యూటీలో ఉన్నంతసేపూ ఫోను సెక్రటరీ బీరువాలో ఉండాలి. రెండో ఉత్తర్వుతో కింద ఉన్న అసోసియేషన్ హాలు శ్రవణ మందిరం అయింది. గోడలకు మెత్తలు కొట్టించి, నేలంతా తివాచీ పరిచి, తలుపు మీద "నిశ్శబ్దం. వేడెక్కుచున్నది" అని బోర్డు పెట్టారు. మూడో ఉత్తర్వుతో ఇంటర్‌కమ్‌కు, లిఫ్టులో "దయచేసి తలుపు మూయండి" అనే గొంతుకు వాల్వు యాంప్లిఫయర్లు బిగించారు. హెచ్చరిక వినిపించకుండా లిఫ్టు కదలడం భద్రతకు విరుద్ధం కనుక, ఆ గొంతు పలికితేనే లిఫ్టు కదిలేలా విశ్వేశం గారు దగ్గరుండి వైర్లు కలిపించారు.

"అంటే లిఫ్టు ఎక్కాలంటే నలభై నిమిషాలు ఆగాలాండీ?" అని అడిగింది సువర్చల సమావేశంలో.

"ఆగడం కాదమ్మా. ధ్వని పక్వమవడం."

"అదేదో రోజంతా ఆన్‌లో ఉంచేస్తే పోదా?"

చిదంబరం గారు జాలిగా నవ్వారు. "వాల్వు ఆయుర్దాయం రెండు వేల గంటలు. విదేశాల నుంచి తెప్పించినవి. ప్రాథమిక దశలో ఉన్నవారికి ఇది అర్థం కావడం కష్టమే. తమకు అభ్యంతరమైతే ఈ బాధ్యత..."

తాళాల గుత్తి గలగలలాడింది. బల్ల కింద రామలింగం పాదం వచ్చి సువర్చల పాదం మీద పడింది.

ఆ విధంగా ముందస్తు వేడి దరఖాస్తు అమలులోకి వచ్చింది. లిఫ్టు గాని, ఇంటర్‌కమ్ గాని వాడదలచినవారు నలభై నిమిషాల ముందు మూడో అంతస్తులోని సెక్రటరీ గారి ఫ్లాటుకు వచ్చి దరఖాస్తు ఇవ్వాలి. ఎవరితో మాట్లాడదలచినారు, ఏ విషయము, సుమారు ఎన్ని మాటలు అనే గడులు నింపాలి. దరఖాస్తు ఇవ్వడానికి మెట్లు దిగినవాళ్లు, సగం దిగాం కదా అని మిగతా సగం కూడా దిగిపోయేవారు. లిఫ్టు వాడకం బాగా తగ్గిందని, ప్రజల ఆరోగ్యం మెరుగుపడిందని చిదంబరం గారు నివేదికలో రాశారు.

సువర్చల కూడా అలవాటు పడిపోయేదే. కూరగాయల సంచీతో ఐదంతస్తులు ఎక్కడం, మూడో అంతస్తు దగ్గర ఆగి ఊపిరి పీల్చుకోవడం, ఇవన్నీ ఆడదానికి పెద్ద లెక్కలు కావు. కానీ నవంబరులో కూతురు మృదుల పురిటికి వచ్చింది. నెలలు నిండుతున్నాయి. అల్లుడికి భువనేశ్వర్‌లో ఉద్యోగం, కాన్పు నాటికి వస్తానన్నాడు. కూతుర్ని చెకప్‌కు దింపిన ప్రతిసారీ సువర్చల ఒక చేత్తో దాని నడుము, ఒక చేత్తో పిట్టగోడ పట్టుకుని, మెట్టు మెట్టుకీ "మెల్లిగా, మెల్లిగా" అనుకుంటూ దిగేది. నొప్పులొచ్చాక ఈ మెట్లు ఎలా దింపను అన్నది ఆవిడకు కంటి మీద కునుకు లేకుండా చేసింది. చివరికి ఒక మినహాయింపు అర్జీ రాసుకుని మూడో అంతస్తుకు వెళ్లింది.

చిదంబరం గారు, విశ్వేశం గారు అర్జీని చెరొకసారి చదివారు.

"కాన్పు తేదీ?"

"పద్దెనిమిది అన్నారండీ డాక్టరు గారు."

"సమయము?"

"సమయమేంటన్నయ్యగారూ?"

"నొప్పులు ఆరంభమగు సమయము. దానికి నలభై నిమిషములు ముందు మనం వేడి ఆరంభించవలె గదా."

"అదెలా తెలుస్తుందండీ? ఈ పిల్ల పుట్టినప్పుడు నాకు పిండి రుబ్బుతుంటే వచ్చాయి."

"రమారమి చెప్పినా చాలు," అన్నారు విశ్వేశం గారు ఉదారంగా. "అయిదు నిమిషాలు అటూ ఇటూ."

"ఎందుకంటే," చిదంబరం గారు వేలెత్తి వివరించారు, "ఆ సమయానికి నొప్పులు రాకపోతే వేడి వృథా అవుతుంది. ముందే వచ్చేస్తే నొప్పులు వృథా అవుతాయి."

సువర్చల కాసేపు ఆయన మొహం వంక చూసింది. హాస్యమాడుతున్నారేమోనని. ఆ ఇంట్లో ఆ అలవాటు కనకవల్లికే ఉంది.

"పోనీ పద్దెనిమిదో తారీకు ఒక్కరోజు పొద్దున్నించి ఆన్‌లో ఉంచండి. మీకు పుణ్యముంటుంది."

"ఒక ఫ్లాటుకు అలా వెసులుబాటు ఇస్తే, రేపు అందరూ కంటామంటారు."

లోపల్నించి కనకవల్లి గొంతు వినిపించింది. "ఆ, కంటారు! నూటొకటో నెంబరు సూర్యకాంతం గారికి డెబ్భై రెండు! ముందు ఆవిణ్ణి ఆపండి!"

చివరికి అర్జీ మీద చిదంబరం గారు ఎర్ర సిరాతో రాశారు. "18వ తేదీ ఉదయం 10 గంటలకు వేడి మంజూరు. తేదీ మార్పు అనుమతింపబడదు. కాన్పుదారు సహకరించవలెను."

కాన్పుదారు సహకరించలేదు.

పద్నాలుగో తారీకు తెల్లవారుజాము నుంచి మృదులకు నడుం పట్టేసినట్టుంది. ముందురోజు తిన్న పనసపొట్టు కూర మీదకి నెట్టేసి, తల్లి కంగారు పడుతుందని చెప్పకుండా పక్కకు తిరిగి పడుకుంది. రామలింగం ఆఫీసుకు వెళ్లిపోయాడు. పదకొండు గంటలకు వంటింటి గడప పట్టుకుని, "అమ్మా, ఇది కూర కాదే," అంది. అప్పటికే చీర తడిసి ఉంది.

సువర్చల చేతిలోని చిక్కుళ్లు అక్కడే పడేసింది. ఆసుపత్రికి ఫోను చేస్తే అంబులెన్సు పదిహేను నిమిషాల్లో వస్తుందన్నారు. భర్తకు చేస్తే తిన్నగా ఆసుపత్రికే వస్తానన్నాడు. ఇంటర్‌కమ్ ఎత్తింది. అది చచ్చిన చేపలా ఉంది. లిఫ్టు దగ్గరికి పరుగెత్తి మీట నొక్కింది. తలుపు తెరుచుకుంది, లోపల దీపం వెలిగింది, అంతే. చెప్పవలసిన మాట చెప్పే గొంతు ఇంకా చల్లగా ఉంది.

పైడిరాజు ఎక్కడో కింద, ఫోను లేకుండా. సువర్చల వంటింట్లోకి వెళ్లి ఇత్తడి పళ్లెం, అట్లకాడ తీసుకుని బాల్కనీలోకి వచ్చి ఊరంతా వినబడేలా మోగించింది. కింద మొక్కలకు నీళ్లు పడుతున్న పైడిరాజు తలెత్తాడు.

"అమ్మగోరూ! ఏటయినాదమ్మా?"

"పైకి రా నాయనా! చిన్నమ్మకి నొప్పులు!"

వాడు గొట్టం అక్కడే వదిలేసి మూడేసి మెట్లు ఎక్కి వచ్చాడు. ప్లాస్టిక్ కుర్చీలో మృదులను కూర్చోబెట్టి, ముందు వాడు, వెనక సువర్చల పట్టుకున్నారు. ఏభై నాలుగేళ్ల మోకాళ్లు నాలుగో అంతస్తుకే వణకడం మొదలుపెట్టాయి. మూడో అంతస్తుకు వచ్చేసరికి కనకవల్లి తలుపు తీసుకుని వచ్చి, మారు మాట్లాడకుండా చీర కుచ్చెళ్లు దోపి కుర్చీకి ఒక పక్క పట్టింది. ఆవిడ వెనకాలే చిదంబరం గారు, చేతిలో రిజిస్టరుతో.

"ఇప్పుడే వినవచ్చిన లోహ ధ్వని ఏ వర్గంలోకి వస్తుందో నిర్ణయించవలసి ఉంది. అది అటుంచండి. తేదీ మార్పును ప్రత్యేక పరిస్థితి కింద నేను ఆమోదిస్తున్నాను. వేడి ఆరంభించాను. నలభై నిమిషాలు ఓపిక పట్టితే లిఫ్టు..."

"అంకుల్!" అని అరిచింది మృదుల. "మిమ్మల్ని ఆమోదం ఎవరడిగారు? తప్పుకోండి!"

"బాబుగోరూ, కాస్త పక్కకెల్లండి, కుర్సీ తగిలీగల్దు," అన్నాడు పైడిరాజు.

ఆయన పక్కకు తప్పుకుని, వాళ్ల వెనకాలే దిగుతూ, ఆమోదం అడగకుండా ఇచ్చే అధికారం తనకు ఏ నిబంధన కింద ఉందో వివరిస్తూ వచ్చారు.

కింద అంబులెన్సు వచ్చి ఉంది. దాంతో వచ్చిన నర్సు ఒక్క చూపు చూసి తల అడ్డంగా ఊపింది. "బండెక్కించే టైము లేదమ్మా. ఇక్కడ గది ఉందా? శుభ్రంగా, కింద మెత్తగా ఉండాలి."

అందరూ శ్రవణ మందిరం వైపు చూశారు. తలుపుకు తాళం.

"అందులోనా?" చిదంబరం గారు తలుపుకు అడ్డంగా నిలబడ్డారు. "అది కేవలం శ్రవణ నిమిత్తం నిర్దేశింపబడిన స్థలం. సంగీతేతర ధ్వనులకు అక్కడ..."

"అన్నయ్యగారూ, తియ్యండి!"

"తీర్మానం లేకుండా ఎలా తీస్తానమ్మా? తమకు అభ్యంతరమైతే ఈ బాధ్యత తమరే స్వీకరించండి," అని అలవాటు చొప్పున తాళాల గుత్తి ఊడదీసి ముందుకు చాచారు.

తొమ్మిదేళ్లలో ఎవరూ ముట్టుకోని గుత్తి అది. సువర్చల చెయ్యి చాచి లాక్కుంది.

చిదంబరం గారు ఖాళీ అరచెయ్యి అలాగే చాచి ఉంచి చాలాసేపు నిలబడిపోయారు. ఇలా కూడా జరగవచ్చునని ఏ నిబంధనావళిలోనూ రాసి లేదు.

లోపల తివాచీ మీద, గోడలకు కొట్టిన మెత్తల మధ్య, మృదుల పెట్టిన కేకలు బయటికి వినిపించలేదు. ఆ మెత్తలు అంత మంచివి. సువర్చల కూతురి తల ఒళ్లో పెట్టుకుని, దాని చెమట తన పైట కొంగుతో తుడుస్తూ, తనకు తెలిసిన దేవుళ్లందరినీ పేరుపేరునా పిలిచింది. కనకవల్లి తల ఎత్తితే నర్సు కసురుతోంది, దించితే మృదుల జుట్టు పట్టుకుంటోంది. ఆ మూసిన గదిలో ఎంతసేపయిందో ఎవరికీ తెలియదు. ఉన్నట్టుండి నర్సు చేతుల్లో ఒక ఎర్రటి ముద్ద కదిలింది. ఒక్క క్షణం ఏమీ లేదు. అప్పుడు ఆ పిల్ల నోరు తెరిచి, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా, గది దద్దరిల్లేలా ఏడ్చింది.

"ఆడపిల్ల," అంది నర్సు. "గొంతు చూశారా!"

సరిగ్గా అప్పుడే బయట లిఫ్టు ఖాళీగా కిందికి దిగి, తలుపులు తెరుచుకుని, మాగిన పండులాంటి గొంతుతో, "దయచేసి తలుపు మూయండి," అంది. నలభై నిమిషాలు పూర్తయ్యాయి. చిదంబరం గారు గడియారం చూసుకుని, అప్పటికి అక్కడికి చేరిన విశ్వేశం గారితో, "సెకను తేడా లేదు," అన్నారు తృప్తిగా.

తల్లీపిల్లా ఆసుపత్రి నుంచి క్షేమంగా ఇంటికి వచ్చారు. సువర్చల తాళాల గుత్తి మర్నాడే పైడిరాజు చేత తిప్పి పంపేసింది. ఇంట్లో బాలింత, గుడ్డలు, కాపడాలు, పథ్యపు వంటలు. ఎవరి మోటారు కాలిందో చూసే తీరిక ఆవిడకెక్కడిది? ఆ గుత్తిని ఎవరూ ఎందుకు ఉంచుకోరో, అందుకే ఆవిడా ఉంచుకోలేదు.

పదో రోజున నోటీసు వచ్చింది.

"విషయము: ఫ్లాట్ నెం. 502 యందు నూతనముగా ప్రవేశించిన ధ్వని గురించి. సదరు ధ్వని ముందస్తు వేడి లేకుండానే ఆరంభమగుచున్నట్లు కింది ఫ్లాట్ల నుండి ఫిర్యాదులు అందినవి. కాగా, సదరు ధ్వని మూలము వాల్వు వర్గమునకు చెందునా, ట్రాన్సిస్టరు వర్గమునకు చెందునా అని నిర్ధారించుటకు సంఘము రేపు మధ్యాహ్నం మూడు గంటలకు పరిశీలనకు వచ్చును."

"రానీ చెప్తాను," అని పళ్లు నూరాడు రామలింగం.

"మీరేం చెప్పక్కర్లేదు," అంది సువర్చల. పది రోజులుగా నిద్ర లేక ఆవిడ కళ్లు రెండూ చింతనిప్పుల్లా ఉన్నాయి. "రమ్మనండి. శుభ్రంగా పరిశీలించమనండి."

మర్నాడు మూడింటికి ఇద్దరూ వచ్చారు. ఉయ్యాలలో పాప నిద్రపోతోంది. విశ్వేశం గారు గొంతు తగ్గించి రెండు పక్షాలూ వినిపించారు. ఒంటి రంగు ఎరుపు, తాకితే వెచ్చన, తయారీకి తొమ్మిది నెలలు. ఇవి వాల్వు లక్షణాలు. పరిమాణం చిన్నది, కొంచెం ఆహారంతో విపరీతమైన ధ్వని, మీట నొక్కక ముందే ఆరంభం. ఇవి ట్రాన్సిస్టరు లక్షణాలు.

"సిద్ధాంతరీత్యా రెండూ కాదనడానికి వీల్లేదు," అన్నారాయన.

"అయితే ప్రత్యక్ష శ్రవణమే శరణ్యం," అన్నారు చిదంబరం గారు.

ఆ మాటకు పాప లేచి ఏడుపు లంకించుకుంది. సువర్చల ఉయ్యాలలోంచి తీసి, తువాలుతో సహా చిదంబరం గారి చేతుల్లో పెట్టింది.

"దగ్గరగా వింటే గానీ తేడా తెలీదండీ అన్నయ్యగారూ. కూర్చోండి. అలా కాదు, మెడ కింద చెయ్యి వెయ్యండి. ఆ."

ఆయన కుర్చీలో కూర్చున్నారు. పాప రెండు వెక్కిళ్లు పెట్టి, ఆయన ఉత్తరీయం చివర గుప్పెట్లో బిగించి, నిద్రపోయింది. ఆయన ఉయ్యాల వైపు అంగుళం కదిలారు. పాప కుయ్యిమంది. ఆయన స్తంభించిపోయారు. మళ్లీ ప్రయత్నించారు. ఈసారి విశ్వేశం గారు కూడా చెవులు మూసుకున్నారు.

"ఇలా ఎంతసేపు?" అన్నారు చిదంబరం గారు పెదవులు మాత్రమే కదిలిస్తూ.

"పరిశీలన ఎంతసేపో మీకే తెలియాలి కదండీ," అంది సువర్చల. "మధ్యలో లేస్తే తప్పుడు ఫలితం వస్తుందేమో."

విశ్వేశం గారు అది సిద్ధాంతరీత్యా నిజమేనని తల ఊపి, నోట్‌బుక్ తెరిచి మోకాళ్ల మీద పెట్టుకుని ఎదురుగా కూర్చున్నారు. మృదుల అప్పటికే లోపల గోడ వైపు తిరిగి గాఢ నిద్రలో ఉంది. సువర్చల లోపలి గదిలోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసి, పదకొండు రోజుల తరువాత మొదటిసారి పక్క మీద నడుము వాల్చింది. సాగరదీప్తి అసోసియేషన్ పుట్టిన నాటి నుంచి ఐదో అంతస్తుకు ఏదైనా మేలు చేసిందంటే ఇదొక్కటే.

కాసేపటికి హాలులోంచి, "సువర్చల గారూ... అమ్మా... ఎవరైనా ఉన్నారా?" అని చిదంబరం గారి గొంతు వినిపించింది. పాప లేస్తుందేమోనన్న భయంతో చాలా మెల్లగా, ఎంతో మృదువుగా పిలుస్తున్నారాయన.

సువర్చల దుప్పటి చెవుల మీదికి లాక్కుంది.